వేసవి చెరువులో చేపల వేట: నీటికంటే ముందు తరిగేది ప్రాణవాయువు

కంభం: వానలు ముఖం చాటేసిన ఏడాది పశ్చిమ ప్రకాశంలో చెరువుల పరిస్థితి శివరాత్రి నాటికే తేలిపోతుంది. తూములు మూతపడతాయి. నీటి అంచు రోజురోజుకూ కట్ట వైపు జరుగుతుంది. కట్టమీద నిలబడి చూసేవారికి చేపలకు సరిపడా నీరు ఇంకా ఉన్నట్లే కనిపిస్తుంది. అయితే చేప బతకడానికి నీరు ఒక్కటే చాలదు, ఆ నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు కావాలి. చెరువు అడుగంటడానికి కొన్ని వారాల ముందే అది తరిగిపోతుంది. ఈ సంగతి గమనించక, ఇంకా నీరుంది కదా అని వేట వాయిదా వేసిన మత్స్యకారులు ఏడాది కష్టాన్ని ఒక్క రాత్రిలో పోగొట్టుకునే ప్రమాదం ఉంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో చెరువులను నమ్ముకున్న కుటుంబాలకూ, సరదాగా గాలం పట్టేవారికీ వేసవి వేటలో ఉపకరించే వివరాలివి.

కొండల నడుమ మహా తటాకం

ఈ ప్రాంతంలో చేపల వేట అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది కంభం చెరువు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం వద్ద పుట్టిన గుండ్లకమ్మ నది, జంపలేరు వంటి వాగులను కలుపుకొని వచ్చే చోట రెండు కొండల నడుమ కట్ట వేసి దీనిని నిర్మించారు. విజయనగర ప్రభువుల కాలంలో వరదరాజమ్మ కట్టించినట్లు ప్రతీతి. కట్ట ఎత్తు 57 అడుగులు. చెరువు పొడవు సుమారు 7 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 3.5 కిలోమీటర్లు. దీని కింద దాదాపు 10,300 ఎకరాల ఆయకట్టు ఉన్నట్లు పాత లెక్కలు చెబుతున్నాయి. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంస్థ 2020లో దీనిని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువుకు, కర్నూలు-కడప కాలువకు కూడా అదే ఏడాది ఆ గౌరవం దక్కింది.

ఇంతటి చెరువుకు కూడా ఆధారం వానే. నల్లమలలో వర్షాలు కురిసి గుండ్లకమ్మ పారితేనే నిండుతుంది. వరుస కరవుల్లో నెర్రెలిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. తూము నీటిపై రైతుకు ఉన్న హక్కు అందరికీ తెలిసిందే. తూము కట్టేసిన తర్వాత మిగిలే నీటిపై ఆధారపడేది మాత్రం చేప, దానిని పట్టి బతికే మనిషి.

విడిచిన పిల్లే పెరిగిన చేప

మన చెరువుల్లో ప్రధానంగా పెరిగేవి బొచ్చె, రోహు అని కూడా పిలిచే శీలావతి, మోసు. ఇవి నిలువ నీటిలో సాధారణంగా గుడ్లు పెట్టవు. వానకాలంలో పారే వరద నీటిలోనే సంతానోత్పత్తి చేస్తాయి. అందువల్ల చెరువులో ఈ చేపలు ఉండాలంటే ఏటా పిల్లలను విడవక తప్పదు. ఒకప్పుడు నదుల్లో గుడ్లు, పిల్లలు ఏరి తెచ్చేవారు. 1957లో ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌదరి, పీయూష గ్రంథి స్రావాన్ని ఎక్కించి ఈ చేపలతో గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. అప్పటి నుంచి చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాలు విస్తరించాయి. ఆ విజయానికి గుర్తుగానే ఏటా జులై 10న జాతీయ చేపల రైతుల దినం జరుపుతున్నారు.

పెద్ద చెరువుల్లో, జలాశయాల్లో విడిచే పిల్ల కనీసం 100 మిల్లీమీటర్లు, అంటే నాలుగు అంగుళాల వరకు ఉండాలని నిపుణులు సూచిస్తారు. అంతకంటే చిన్నవి కొర్రమీను, వాలుగ వంటి వేటచేపలకు ఆహారమవుతాయి. వానలు ఆలస్యమైతే పిల్లలు విడవడం ఆలస్యమవుతుంది. వేసవి ముందుగా వస్తే పెరిగే గడువు తగ్గుతుంది. గడ్డు ఏడాదిలో మత్స్యకారునికి దెబ్బ ఇలా రెండు వైపుల నుంచీ తగులుతుంది.

ఏ చేపది ఏ మట్టం

ఒకే చెరువులో ఉన్నా ఈ మూడు చేపలు మేత కోసం పోటీ పడవు. బొచ్చె పైమట్టంలో తిరుగుతూ నీటిలో తేలే సూక్ష్మజీవులను తింటుంది. శీలావతి నడిమట్టంలో నాచు, కుళ్లిన ఆకులతో జీవిస్తుంది. మోసు అడుగు బురదలో మేత వెతుక్కుంటుంది. నిండు చెరువులో ఈ ఏర్పాటు చక్కగా సాగుతుంది. నీరు నాలుగైదు అడుగులకు దిగినప్పుడు మాత్రం మూడు మట్టాలూ ఒకటైపోతాయి. చేపలన్నీ ఒకే చోట గుమిగూడతాయి. వల వేసేవానికి అది వరంగా తోచినా, చేపలకు ప్రాణసంకటం మొదలయ్యేది అక్కడే.

తెల్లవారుజామునే గండం

నీరు వేడెక్కిన కొద్దీ దానిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు నిలిస్తే, 30 డిగ్రీల వద్ద 7.5 మిల్లీగ్రాములకు మించదు. అదే సమయంలో వేడికి చేప శరీరం ఎక్కువ ప్రాణవాయువు కోరుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం వంటిదే ఇది.

పగటిపూట నీటిలోని నాచు ఎండ సాయంతో ప్రాణవాయువును విడుదల చేస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. నాచు, చేపలు, అడుగున కుళ్లే చెత్త అన్నీ ఉన్న నిల్వనే వాడుకుంటాయి. ఫలితంగా సూర్యోదయానికి ముందు ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది. అది లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే దిగితే బొచ్చె, శీలావతి వంటివి తట్టుకోలేవు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటే అది ఆట కాదని, ప్రమాద సూచన అని గ్రహించాలి.

మబ్బు పట్టి గాలి స్తంభించిన రోజులు మరీ ప్రమాదకరం. వేసవిలో కురిసే తొలి ఉరుముల వాన కూడా ఒక్కోసారి చేటు తెస్తుంది. ఒడ్డున పేరుకున్న పేడ, చెత్త కొట్టుకువచ్చి నీటిలో కుళ్లుతాయి. అడుగున ఉన్న చెడునీరు పైకి తిరగబడుతుంది. వాన పడిన మర్నాడే చేపలు తెల్లగా తేలడానికి తరచూ ఇదే కారణం. ఎవరో విషం కలిపారని నిర్ధారణకు వచ్చేముందు ఈ సంగతి పరిశీలించాలి. అనుమానం తీరకపోతే నీటి నమూనాతో మత్స్యశాఖ అధికారులను సంప్రదించడం మేలు.

చిన్న కుంటల్లో మోటారుతో నీటిని పైకి తోడి తిరిగి అదే కుంటలో జల్లుగా పడేలా చేస్తే కొంత ఊరట లభిస్తుంది. మేత, పేడ వేయడం ఆపాలి. కంభం వంటి పెద్ద చెరువులో అది సాధ్యం కాదు. అక్కడ వేళకు పట్టడమే ఏకైక మార్గం.

వలకూ ఒక లెక్క

ఆఖరి మడుగు మిగిలే వరకు ఆగి, ఒకేసారి చేపలన్నీ పట్టడం చాలాచోట్ల ఉన్న అలవాటు. ఇందులో రెండు నష్టాలున్నాయి. ఒకటి, పైన చెప్పిన గండం. రెండు, ధర. చుట్టుపక్కల చెరువులన్నీ ఒకే వారంలో పడితే సరుకు మార్కెట్‌ను ముంచెత్తుతుంది. ఐసు దొరకదు. వచ్చిన ధరకు తెగనమ్ముకోవలసి వస్తుంది.

దీనికి బదులు నీరు సగానికి తగ్గినప్పటి నుంచే విడతలవారీగా పట్టడం మేలు. కిలోకు అటూఇటూ ఎదిగిన బొచ్చెలను ముందుగా తీయాలి. కన్ను పెద్దదిగా ఉన్న వల వాడితే చిన్నవి తప్పించుకుంటాయి. చేపల సంఖ్య తగ్గిన కొద్దీ మిగిలిన వాటికి ప్రాణవాయువు, మేత రెండూ దక్కుతాయి. ఎండ ఎక్కకముందే వేట ముగించాలి. పట్టిన చేపను నీడకు చేర్చి, వేసవిలో కిలో చేపకు కిలో చొప్పున ఐసు వేయాలి. ఎండలో గంటసేపు ఉన్న చేపకు మంచి ధర ఆశించడం అత్యాశే.

గాలం వేసే వేళ, చోటు

గాలపు వేటకు ఉదయం, సాయంత్రం అనువైన వేళలని అందరూ చెబుతారు. నిండు చెరువుకు ఆ మాట నిజమే. నీరు తగ్గిన చెరువులో మాత్రం తెల్లవారుజామున చేప ఊపిరికోసమే అలమటిస్తుంది, ఎరను ముట్టదు. పొద్దెక్కి నాచు పని మొదలయ్యే వరకు, సుమారు 8, 9 గంటల దాకా వేచి చూడాలి. సాయంత్రం ఎండ వాలిన తర్వాత చీకటి పడేవరకు మరో మంచి సమయం. మధ్యాహ్నం చేపలు లోతుకు దిగుతాయి. కట్టకు దగ్గరగా, తూముల ఎదుట, చెరువు గర్భంలోని పాత ఏటి జాడ వెంబడి లోతు ఎక్కువ కాబట్టి అక్కడ ప్రయత్నించవచ్చు. గాలి ఏ వైపు నుంచి వీస్తే దానికి ఎదురు ఒడ్డున అలలు తగిలి నీటిలో గాలి బాగా కలుస్తుంది. చేపలు అటు చేరతాయి.

శీలావతికి గోధుమపిండి, తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద ఎరగా పనికివస్తుంది. మోసుకు అదే ముద్దను అడుగుకు దింపాలి. బొచ్చె కోసం బెండును కిందికి జరిపి ఎరను పైమట్టంలోనే ఉంచాలి. మార్పు, జెల్ల వంటి వాటికి వానపాము ఎర. కొర్రమీనుకు చిన్నచేప లేదా కప్ప కావాలి.

ఈగ గాలం ఇక్కడ పనిచేస్తుందా?

ఈకలు, దారంతో ఈగ ఆకారంలో కట్టిన ఎరతో ట్రౌట్ అనే చేపను పట్టడం విదేశాల్లో పేరున్న క్రీడ. ఇంగ్లాండులోని బ్లాగ్డన్ జలాశయంలో 1904 నుంచి ఇది సాగుతోంది. మన దేశంలో కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, నీలగిరుల్లోని చల్లని నీళ్లలో ట్రౌట్‌ను బ్రిటిష్‌వారు ప్రవేశపెట్టారు. 20 డిగ్రీలు దాటిన నీటిలో అది సుఖంగా ఉండలేదు. కాబట్టి నల్లమల దిగువన దానికి చోటు లేదు. అయినా ఒక పోలిక గమనించదగినది. ట్రౌట్ కూడా గుడ్లు పెట్టడానికి పారే నీటినే కోరుతుంది. అందుకే అక్కడి జలాశయాల్లోనూ ఏటా చేపలను విడిచి, వేటకు నిర్ణీత కాలం, పరిమితి విధిస్తారు.

కృత్రిమ ఎరకు మన నీటిలో సరైన జోడీ కొర్రమీను. నాచు మీదుగా రబ్బరు కప్పను లాగితే అది ఎగిసి పట్టుకుంటుంది. గాలిని నేరుగా పీల్చగలదు కాబట్టి నీరు చెడినా బతుకుతుంది. మిగతా చేపలు పోయిన మడుగులో చివరిదాకా మిగిలేది ఇదే. కొర్రమీను తన పిల్లల గుంపుకు కాపలా కాస్తుంది. వానలు మొదలయ్యాక ఎర్రటి పిల్లల గుంపు వెంట తిరిగే పెద్దచేపను పడితే ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. అటువంటి చేపను విడిచిపెట్టడం వేటగాని ధర్మం.

చట్టం, భద్రత

నీటిలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టం నిషేధించింది. నీరు తగ్గిన చెరువులో ఈ దురాగతం పెద్దచేపతో పాటు పిల్లలనూ, ఆ నీరు తాగే పశువులనూ బలిగొంటుంది. లీజు, లైసెన్సు ఉన్న చెరువుల్లో గాలం వేయదలచినవారు స్థానిక మత్స్యకార సహకార సంఘం అనుమతి పొందాలి.

ఎండిన చెరువు గర్భం పైకి గట్టిగా కనిపించినా కింద బురద ఉంటుంది. మట్టి తవ్విన గోతులు నీటిలో కనిపించవు. పిల్లలను ఒంటరిగా పంపరాదు. నమోదైన మత్స్యకారులకు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉంది. మరణం లేదా శాశ్వత పూర్తి వైకల్యానికి రూ.5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి రూ.2.5 లక్షలు చెల్లిస్తారు. పేరు నమోదైందో లేదో ముందే చూసుకోవాలి.

మడుగును మిగల్చాలి

సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. పశ్చిమ ప్రాంత చెరువుల్లో ఎండే ఆ నిషేధం విధిస్తుంది. తేడా ఏమిటంటే, సముద్రంలో నిషేధం ముగిసేసరికి చేప పెరుగుతుంది, ఇక్కడ చేపే మిగలదు.

వెలిగొండ ప్రాజెక్టు లక్ష్యం నెరవేరి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కట్టిన ఆనకట్టల నడుమ నల్లమల సాగర్ నిండిన నాడు ఈ ప్రాంత మత్స్యకారులకు కొత్త నీరు లభిస్తుంది. అంతవరకు చేతిలో ఉన్నది వాన నీరే. చెరువు గర్భంలో అన్నిటికంటే లోతైన ఒక మడుగును వేట నుంచి మినహాయించి, చివరి నీటిని తోడకుండా రైతులు, మత్స్యకారులు కలిసి కట్టుబాటు చేసుకోవచ్చు. కొర్రమీను, జెల్ల, పరిగె వంటి నాటుచేపలు ఆ మడుగులో తలదాచుకుంటాయి. మళ్లీ గుండ్లకమ్మ పారిన రోజున, మత్స్యశాఖ విడిచే పిల్లల కోసం ఎదురుచూడకుండానే చెరువులోకి తిరిగి వచ్చేవి అవే.