పాడి కొలతకు అందని పశువు: తోంగ్‌పాల్ నుంచి విపత్తు సాయం నిబంధనల పరిశీలన

పశునష్ట పరిహారం మీద మన పరిశోధకులు రాసిందంతా రెండు ఫిర్యాదుల చుట్టూ తిరుగుతుంది: సొమ్ము చాలదు, వేళకు అందదు. అసలు ఏ లెక్కన కట్టారని అడిగినవారు తక్కువ. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా తోంగ్‌పాల్ చుట్టుపక్కల ధుర్వా ఆదివాసీల ఊళ్లను చూశాక ముందు అడగాల్సింది ఇదేననిపించింది.

2022-23 నుంచి 2025-26 వరకు వర్తించే రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనల్లో ఆవుకు, గేదెకు 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, దూడకు 20,000, మేకకు, గొర్రెకు, పందికి 4,000, కోడికి 100. పట్టికను నిదానంగా చదివితే పంది పాడి పశువుల వరసలో కనిపిస్తుంది. పందిని పితికే ఊరు ఎక్కడుంది? దీన్ని గుమాస్తా పొరపాటుగా కొట్టిపారేయలేం. పశువంటే పాలకు, కాకపోతే బరువు పనికి అన్న ఆలోచనే ఇందులో ఉంది. సాయాన్ని ‘ఆర్థికంగా ఉత్పాదకమైన’ పశువులకే పరిమితం చేయవచ్చన్న షరతూ అక్కడే ఉంది.

ఈ ఆలోచనకు పాండిత్య గౌరవం తెచ్చినవారిలో ఆర్థికవేత్త వి.ఎం. దండేకర్ ముఖ్యుడు. మేతకు మించి మంద పెరిగిందనీ, పనికిరాని పశువులను తగ్గించాలనీ 1964లో వాదించాడు. 1969లో మానవశాస్త్రవేత్త మార్విన్ హారిస్‌తో తలపడినప్పుడూ పట్టు సడలించలేదు. పనికిరానిదని తేల్చేదెవరన్న ప్రశ్నకు మాత్రం ఆయన దగ్గర జవాబు లేదు. ఆవును ఎడ్లకు తల్లిగా, పేడకు ఆధారంగా చూసిన హారిసే తోంగ్‌పాల్‌కు దగ్గరివాడు.

ఇక్కడి ఆదివాసీ ఇళ్లలో సంప్రదాయంగా ఆవును పితకరు, పాలు దూడవి. ఆవు వల్ల వచ్చేది ఎద్దు, పెంట. వెదజల్లిన వరిలో నీరు నిలిచాక, పైరు మీదుగానే నాగలి తోలే ‘బియాసి’కి ఎడ్ల జత కావాలి. తోలకపోతే కలుపు అణగదు, మొక్క పలచబడదు. జతలో ఒకటి పోతే రెండోది కొట్టంలో నిలబడాల్సిందే. పట్టిక మాత్రం పోయిన ఎద్దుకే లెక్క కడుతుంది, ఆగిన అరకకు కాదు. 2025 ఆగస్టు చివర బస్తర్, దంతెవాడ, సుక్మా ప్రాంతాలను ముంచిన వరదల్లాంటివి వచ్చేదీ వానకాలపు సేద్యం నడిచే రోజుల్లోనే. ఇక మేక, పంది, పుంజు పెళ్లికి, కర్మకు, మొక్కుకు పనికొస్తాయి. ఇంట్లో జబ్బు చేస్తే సంతలో డబ్బవుతాయి. పందెంలో నిలిచిన పుంజుకూ, పెరట్లో తిరిగే మామూలు కోడికీ పట్టికలో అదే 100 రూపాయలు. రోడ్డు పక్క టీ కొట్లకు పాలు పోసే ఇళ్లు లేకపోలేదు గానీ, వాటివల్ల వాదన మారదు.

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరదల తర్వాత ఆంధ్రప్రదేశ్ పాడి పశువుకు 50,000, ఎద్దుకు 40,000 ప్రకటించింది. మొత్తాలు పెరిగాయి, వరస మారలేదు. పాలకేంద్రం ఉన్న డెల్టా ఊరికి ఆ వరస సబబే కావచ్చు. బస్తర్‌కు, ఆ మాటకొస్తే మధ్య భారతంలోని ఆదివాసీ ప్రాంతాలన్నింటికీ, అది పనికిరాదు. దండేకర్ లెక్కను ఇక పక్కన పెట్టాల్సిందే.

ఈ నిబంధనల గడువు 2025-26 వరకే. తర్వాతి పట్టికలో పందిని పాడి వరస నుంచి తప్పించాలి. ఎడ్ల జతను ఒక యూనిట్‌గా లెక్కగట్టాలి. నాగలి మీద బతికే జిల్లాల్లో ఎద్దు వెల ఆవు కన్నా తగ్గకూడదు.