జూరీపీఠమున నెవరు కూర్చుండిరి?

ఒక మనుష్యుడు నేరము చేసెనా లేదా యని తేల్చవలసినవాడు న్యాయాధిపతి కాదు, ముద్దాయితో సమానులగు పౌరులే యనుట ఇంగ్లీషువారి ప్రాచీన సంప్రదాయము. దానికే జూరీ యని పేరు. అది మన దేశమున మూడు శతాబ్దములు నడచి గతించినది. పన్నిద్దరు సామాన్యులు న్యాయాధిపతికన్న తెలివిగలవా రగుదురా యని దానినిగూర్చి తర్కించువారు పలువురు. నా కది ముఖ్యప్రశ్నగా దోపదు. ఆ పీఠముపై నెవరిని కూర్చుండనిచ్చిరి, ఎవరిని వెలుపల నిలిపిరి యనుటయే యీ చరిత్రమునకు బ్రాణము.

విచారణ జరిగిన తీరు ముందుగా జెప్పవలెను. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు ననుసరించి హైకోర్టులో జూరీ సభ్యులు తొమ్మండుగురు. వారిని చీట్లు తీసి యెన్నుకొనెడివారు. పక్షపాతి యని తోచినవానిని ముద్దాయి యాక్షేపింపవచ్చును. ఉభయపక్షముల వకీళ్లును సాక్షులను విచారించిన పిమ్మట న్యాయాధిపతి సాక్ష్యమును క్రోడీకరించి, చట్టమిట్లున్నదని జూరీకి బోధించెడివాడు. జరిగిన దేమో తేల్చుట జూరీపని. చట్టమును జెప్పుటయు, శిక్ష విధించుటయు న్యాయాధిపతిపని. ఏకాభిప్రాయము కుదురనిచో, ఆర్గురేకమై న్యాయాధిపతియు సమ్మతించిన జాలును. జిల్లాల సెషన్సుకోర్టులలో జూరీ కొన్ని తావులకు, కొన్ని నేరములకే పరిమితము. తక్కినచోట్ల అసెసర్లుండిరి. వీరి యభిప్రాయమును న్యాయాధిపతి త్రోసివేయవచ్చును. పెండ్లిమాటలలో మర్యాదకై యడిగి విడిచిపెట్టు దూరపు బంధువులవంటివారు!

చెన్నపట్నపు కోటలో 1665లోనే జూరీ కూర్చున్నది. దాసీపిల్లను జంపినదని యొక దొరసానిని గవర్నరు ఫాక్సుక్రాఫ్టు విచారింపగా, జూరీ యామెను విడిచిపుచ్చెను. పిమ్మట కలకత్తాలో 1774లోను, చెన్నపట్నమున 1801లోను సుప్రీముకోర్టులు వెలసెను. వానిలో జూరీహక్కు బ్రిటిషు ప్రజలకే యుండెను. 1826లో పార్లమెంటు ఇతరులకును ద్వారము తెరచినది గాని, పూర్తిగా దెరవలేదు. క్రైస్తవుడు ముద్దాయి యైనచో జూరీలో క్రైస్తవులే యుండవలెను. హిందువును, ముసల్మానును మాత్రము క్రైస్తవుడు విచారింపవచ్చును. నేరారోపణ విచారణకు దగునా యని మొదట తేల్చెడి గ్రాండుజూరీలోను క్రైస్తవేతరులకు జోటులేదు.

ఈ చట్టముపై రామమోహనరాయలు కలము పట్టెను. నిన్నటివరకు మన వీథిలో నున్నవాడు మతము మార్చుకొన్నంతనే మనలను విచారింప నర్హుడగును, మనము వానిని విచారింప ననర్హుల మగుదుము. ఇట్టి చట్టము దేశమున మతద్వేషమును నాటుననియే యాయన వాదము. హిందువులును ముసల్మానులును గలసి సంతకములు చేసిన యర్జీ పార్లమెంటునకు బోయెను. సతీసహగమనమును మాన్పించిన కీర్తిలో రాయలవారి యీ కృషి మరుగుపడినది. ఇది తక్కువది కాదు. 1832లో ఆ భేదములను దొలగించుచు వేరొక చట్టము వచ్చెను. మరుసటి యేట రాయలు ఇంగ్లండులోని బ్రిస్టలునగరమున గాలధర్మము నొందెను.

ఆ బ్రిస్టలులోనే 1920లో ఇంగ్లండున మొట్టమొదటిసారి స్త్రీలు జూరీలో గూర్చుండిరి. అంతకు ముందటియేడు పార్లమెంటు వారి కా హక్కు నొసగెను. మన 1898 నాటి కోడో, ఇరువదియొకటి మొదలు అరువది యేండ్లలోపలి పురుషులనే పేర్కొన్నది. శిశుహత్యానేరమున నొక బాలవితంతువు బోనెక్కినచో, ఆమెను మోసగించినవాడు బోనులో నుండడు; ఆమె దోషి యగునా కాదా యని చెప్పువారందరును పురుషులే. సమానులచే విచారణ యనుమాట కిచ్చట నేమి యర్థము?

మతభేదము పోయినను జాతిభేదము పోలేదు. ఇల్బర్టుబిల్లుపై దొరలు చేసిన యాందోళన ఫలితముగా, 1884 నుండి యూరోపియను ముద్దాయి సగము జూరీ తనవారే యుండవలెనని కోరవచ్చును. 1908లో బొంబాయిలో లోకమాన్య తిలకునకు దొరికిన జూరీ యెట్టిది? ఏడుగురు యూరోపియనులు, ఇద్దరు పార్శీలు. ఆయన వ్రాతలు మరాఠీవి. కోర్టున వానికి ఇంగ్లీషు తర్జుమాలు నడచెను. ఇరువది గంటలకు మించి తిలకు తానే వాదించెను. ఏడుగురు దోషి యనిరి, ఇద్దరు కాదనిరి. ఆరేండ్ల ప్రవాసశిక్ష పడెను.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట జూరీ బలపడలేదు. 1958లోనే లా కమీషను దీనిని రద్దుచేయుమని సిఫారసు చేసెను. మరుసటియేట బొంబాయిలో నానావతి యను నౌకాదళాధికారి హత్యాభియోగమున, జూరీ ఎనమండుగు రొకవైపు, ఒక్కడొకవైపుగా నిర్దోషి యని చెప్పెను. సెషన్సు జడ్జి సమ్మతింపక హైకోర్టునకు నివేదించెను. హైకోర్టు 1960లో యావజ్జీవశిక్ష విధింపగా, 1961లో సుప్రీముకోర్టు దానిని స్థిరపరచెను. ఆ యొక్క కేసువలననే జూరీ పోయెనని లోకులందురు గాని, సిఫారసు అంతకు ముందే యున్నది. కొన్నిచోట్ల జూరీ తరువాతను గొన్నాళ్లు నడచినది. 1974 ఏప్రిలు 1 నుండి యమలైన క్రొత్త కోడులో జూరీకిగాని అసెసర్లకుగాని చోటు లేదు.