లోకం సంగతి తెలుగులో అచ్చువేసినవారు

మా బ్రహ్మంగారిమఠంలో ప్రపంచవార్త ఏది వినబడినా దానిమీద వెలువడే మొదటి వ్యాఖ్యానం ఒక్కటే: "సామి అప్పుడే చెప్పినాడు గదప్పా!" ఎక్కడో యుద్ధం వచ్చినా, ఒక సింహాసనం కూలినా, తెలియని రోగం దేశాలు దాటి వచ్చినా కాలజ్ఞానంలో దానికొక చోటు దొరుకుతుంది. వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి ఉన్న ఊరు కాబట్టి ఈ మాట ఇక్కడ కొంచెం ఎక్కువగా వినబడుతుంది, అంతే. దీనిని మూఢత్వమని నవ్వి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. దూరదేశంలో జరిగినదానికీ తన బ్రతుకుకూ ఏదో సంబంధం ఉన్నదని సామాన్యుడు గుర్తించాడనడానికి ఆ మాటే నిదర్శనం. ఏమి జరుగుతుందో కాలజ్ఞానం చెబుతుంది. ఎందుకు జరిగిందో, ఎవరికి లాభించిందో, మనమీద ఎట్లా పడుతుందో చెప్పవలసిన పని మాత్రం వేరేవారిది. ఆ పనిని తెలుగులో ఎవరు చేశారు, ఏ సొమ్ముతో చేశారు అన్నదే ఈ టపాలో నా ప్రశ్న.

కడప జిల్లావాడికి విదేశీ వ్యవహారాలు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పందొమ్మిదవ శతాబ్దంలో మా జిల్లా నీలిమందుకు పేరుమోసింది. ఇక్కడి నీలి తొట్లలో తీసిన రంగు మద్రాసు రేవునుండి ఓడలెక్కి పోయేది. 1897లో జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. కర్మాగారం కృత్రిమ నీలిమందును అంగడికి తెచ్చింది. తరువాతి కొద్ది దశాబ్దాలలోనే మన నీలిసాగు అడుగంటింది. తన పంట ధర ఎందుకు పడిపోయిందో ఇక్కడి రైతుకు చెప్పినవారెవరు?

ఈ కాలానికి వద్దాం. మంగంపేట ముగ్గురాయి ప్రపంచంలోని పెద్ద నిక్షేపాలలో ఒకటి. చమురు బావి త్రవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అదిమిపట్టడానికి వాడే బురదలో బరువుకోసం ఈ రాతిపొడిని కలుపుతారు. కనుక గల్ఫ్ సముద్రతీరంలో త్రవ్వకం పెరిగినా తగ్గినా మంగంపేటలో తెలుస్తుంది. ఆ తీరానికే మా జిల్లా మనుషులు కూడా వేలాదిగా కూలికి పోయారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైటును ఆక్రమించినపుడు ఆ దేశంలో చిక్కుకున్న భారతీయులలో కడపవారు ఎందరో ఉన్నారు. అమ్మాను మీదుగా లక్షా డెబ్బై వేలకు పైగా జనాన్ని ఎయిరిండియా విమానాలలో ఇండ్లకు చేర్చారు. ఇంటిపెద్ద ఏ క్షణాన దిగుతాడో తెలియక ఎదురుచూచిన కుటుంబాలకు పత్రికలలో సద్దాం హుసేన్ బొమ్మ కనిపించింది. ఇరాక్‌కు కువైటుమీద ఎందుకు కన్నుపడిందో, ఆ సరిహద్దు గీత ఎవరు గీచినదో వివరించే తెలుగు పుస్తకం మాత్రం చేతికి అందలేదు.

అటువంటి పుస్తకాలు తెలుగువారికి ఉండాలని మొదట తలచినవారు ఈ సంఘటనకు ఎనభై ఏళ్ళకు పూర్వమే ఉన్నారు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు దానికి ప్రాణం. ఆయన నాగపూరులో చదివి, మరాఠీ భాషలో అప్పటికే వికసించిన చరిత్ర రచనను చూచి, తెలుగులో అది లేదని బాధపడ్డవాడు. మునగాల సంస్థానానికి దివాను. తన యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి 1901లో చోటిచ్చిన రావిచెట్టు రంగారావు, మన రాయలసీమవాడైన కర్నూలు గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆయనకు తోడయ్యారు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఆదరణ లభించింది.

మండలి ప్రకటించిన తొలి పుస్తకం పురాణం కాదు, ప్రబంధం కాదు. గాడిచర్ల వ్రాసిన అబ్రహాము లింకను చరిత్ర, 1907. ఆ ఎంపికను నేడు తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. బానిసత్వం ఆర్థికంగా ఎవరికి కావలసివచ్చింది, ఒక దేశం దానికోసం రెండుగా చీలి ఎట్లా యుద్ధం చేసింది అనే సంగతులు ఆంగ్లం రాని తెలుగు పాఠకుడికి ఆ పుస్తకంతో చేరువయ్యాయి. పరాయి పాలనలో ఉన్నవాడు దానిని కేవలం అమెరికా కథగా చదువుకుని ఉండడు. అదే 1907లో వందేమాతరం ఉద్యమం కారణంగా గాడిచర్ల రాజమహేంద్రవరం ట్రైనింగు కళాశాలనుండి బహిష్కృతుడయ్యాడు. మరుసటి ఏడు తన 'స్వరాజ్య' పత్రికలో తిరునల్వేలి కాల్పులను ఖండించినందుకు మూడేండ్ల కఠినశిక్ష పడింది. లోకం సంగతి వివరించడం ఎంతటి ఖర్చుతో కూడిన పనో అంత తొందరగా తేలిపోయింది.

మండలి తరువాత మద్రాసుకు చేరి చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రను, కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రాన్ని, ప్రకృతిశాస్త్ర గ్రంథాలను అచ్చువేసింది. మండలితో సన్నిహితంగా మెలగిన అయ్యదేవర కాళేశ్వరరావు ఫ్రెంచి విప్లవం గురించి, తురుష్క, ఈజిప్టు, చీనా దేశాల గురించి పుస్తకాలు వ్రాశాడు. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతి అయినవాడు ఈయనే.

ఇక్కడ గ్రంథమాల అనే పద్ధతిని కొంచెం నిదానంగా చూడాలి. గ్రంథమాల అంటే ఒక పుస్తకం అమ్మి మరొకటి వేయడం కాదు. ముందుగా చందాదారులను చేర్చుకుంటారు. వారికి ప్రతి పుస్తకం తక్కువ వెలకు తపాలాలో వెళుతుంది. కాగితం కొనేనాటికే ఎన్ని ప్రతులు పోతాయో సంపాదకునికి సుమారుగా తెలుస్తుంది. మిగిలిన లోటును ధనికులైన పోషకులు పూడుస్తారు. లాభం తీసుకునేవారు ఉండరు, కానీ నష్టం మోయవలసినవారు మాత్రం ఉంటారు. లాభాపేక్ష లేదు అన్నంతమాత్రాన ఖర్చు లేదని కాదు. అచ్చుకూలి, కాగితం, తపాలా బిళ్ళ ఎవరి ఆశయాన్ని చూచీ తగ్గవు. ఇందులో ఒక మెలిక ఉన్నది. పోషకుడు జమీందారయితే జమీందారీలమీద ఎంత గట్టిగా వ్రాయగలరు? చందాదారులు ఎంతమంది ఉంటే సంపాదకుని గొంతు అంత బలంగా ఉంటుంది. చందాలు తరిగినకొద్దీ పోషకుని ఇష్టాయిష్టాలు బరువెక్కుతాయి.

జమీందారు అండ లేకుండా ఈ పని చేయబోయినవారు మా పొరుగు జిల్లాలోనే ఉన్నారు. అనంతపురంలో విద్వాన్ విశ్వం, తరిమెల నాగిరెడ్డి కలిసి నవ్యసాహిత్యమాల నడిపారు. ఇద్దరూ తరిమెల ఊరివారే. రెండవ ప్రపంచయుద్ధం మొదలయిన తరువాత, 1940లో, యుద్ధం జనం ఆర్థిక జీవనంమీద చూపే ప్రభావాన్ని వివరిస్తూ నాగిరెడ్డి పుస్తకం వెలువడింది. యూరపులో తుపాకి ప్రేలితే అనంతపురంలో ధాన్యం ధర ఏమవుతుందన్న చర్చ అది. నేటి భాషలో చెప్పాలంటే అంతర్జాతీయ వ్యవహారాల విశ్లేషణ. ఆ పుస్తకానికి లభించిన బహుమానం జైలు. కరవుసీమలో, చేతి డబ్బుతో నడిచే చిన్న ప్రచురణసంస్థకు రచయితే జైలుకు వెడితే ఇంక మిగిలేదేమిటి?

విచిత్రమేమంటే నాగిరెడ్డి చివరి పుస్తకం కూడా ఆ బాటలోనిదే. కుట్రకేసులో న్యాయస్థానానికి చెప్పుకోవడానికి సిద్ధపరచిన వాఙ్మూలం విదేశీ సహాయం, విదేశీ పెట్టుబడి భారతదేశాన్ని ఎట్లా చుట్టుకున్నాయో లెక్కలతో చెప్పే ఉద్గ్రంథంగా తయారయింది. 'తాకట్టులో భారతదేశం' అని దాని పేరు. 1976లో ఆయన కన్నుమూసిన తరువాత ఆంగ్లమూలాన్ని 1978లో అనంతపురంలోని తరిమెల నాగిరెడ్డి మెమోరియల్ ట్రస్టు ప్రకటించింది. ఆయన తీర్మానాలతో అందరూ ఏకీభవించనక్కరలేదు. కానీ అటువంటి గ్రంథాన్ని ఏ వ్యాపార ప్రచురణకర్తా నెత్తికెత్తుకోడన్నది స్పష్టం. రచయిత పోయాక గ్రంథాన్ని బ్రతికించినది ఒక ట్రస్టు.

ఇక మన పులివెందుల సీమకు వద్దాం. సింహాద్రిపురం దగ్గర పైడిపాలెంలో 1922లో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డిని రా.రా. అంటేనే సాహితీలోకం గుర్తుపడుతుంది. ఆయన కడపనుండి 1968, 69లలో 'సంవేదన' త్రైమాసిక పత్రికను నడిపాడు. సాహిత్య విమర్శలో మొగమాటం లేకుండా మాట్లాడిన పత్రిక. అది నిండా రెండేళ్ళు నడవలేదు. ఆ తరువాత ఆయన మాస్కో వెళ్ళి ప్రగతి ప్రచురణాలయంలో తెలుగు అనువాదకుడుగా 1975 దాకా పనిచేశాడు. ఆ అనుభవం పండి 'అనువాద సమస్యలు' అయింది. దానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఈ రెండు ఘట్టాలనూ ప్రక్కప్రక్కన ఉంచి చూడండి. కడపలోని చిన్న పత్రికకు స్వేచ్ఛ ఉన్నది, కాగితం లేదు. మాస్కోలోని ప్రచురణాలయానికి కాగితానికి కొదవలేదు. మంచి అట్ట, చక్కని అచ్చు, అనువాదకులకు జీతం, విశాలాంధ్రవారి దుకాణాలద్వారా ఊరూరికీ పంపిణీ. మన తరానికి టాల్‌స్టాయ్, గోర్కీలు అంత చవకగా దొరికారంటే ఆ పుణ్యమే. దానికి నేనూ ఋణపడ్డాను. కానీ లోకవ్యవహారాలమీద వారు పంపిన పుస్తకాలలో 1968 నాటి ప్రేగ్ ప్రవేశాన్ని గానీ, 1979 నాటి ఆఫ్ఘనిస్థాన్ ప్రవేశాన్ని గానీ తప్పుపట్టే వాక్యాన్ని ఎవరూ ఆశించలేదు. వెల చవకగా ఉండడానికి మిగిలిన మొత్తాన్ని ఎవరు చెల్లిస్తున్నారో తెలిసినవారు ఏమి ఉండదో కూడా గ్రహించగలరు. 1991లో ఆ రాజ్యం విచ్ఛిన్నం కాగానే పుస్తకాల రాకా ఆగిపోయింది. పాఠకులు ఉండగానే ప్రచురణ నిలిచిపోయిన సందర్భమిది. ఎందుకంటే అది వారిమీద ఆధారపడి నడవలేదు.

ప్రభుత్వం చేయిచాచినపుడు ఏమవుతుందన్నదానికి ఢిల్లీలోనూ ఒక ఉదాహరణ ఉన్నది. 1943లో ప్రభుత్వేతర సంస్థగా ఏర్పడిన ప్రపంచ వ్యవహారాల భారత మండలి 1947లో ఆసియా దేశాల సమ్మేళనాన్ని జరిపించిన ఘనత పొందింది. 2001లో పార్లమెంటు చట్టంతో అది కేంద్రం అధీనంలోకి వచ్చింది. బొంబాయి కథ మరొక తీరు. సచిన్ చౌధురి 1949లో ప్రారంభించిన 'ఎకనామిక్ వీక్లీ' యజమానులతో పొసగక ఆగిపోయింది. ఆయన చేతులు ముడుచుకోలేదు. మిత్రులు, పాఠకులు పోగుచేసిన సొమ్ముతో సమీక్షా ట్రస్టు నీడన 1966 ఆగస్టులో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ' వెలువడింది. అది నేటికీ నడుస్తున్నది.

తెలుగులో ట్రస్టు పద్ధతిని నిలబెట్టినవారు హైదరాబాదు బుక్ ట్రస్టువారు. 1980లో సి.కె. నారాయణరెడ్డి, గీతా రామస్వామి ప్రభృతులు ప్రారంభించారు. అలెక్స్ హేలీ 'రూట్స్'ను సహవాసి చేత 'ఏడు తరాలు'గా తెలుగు చేయించి అందించినది వారే. ఒక్కసారి లెక్కవేసుకోండి. 1907లో లింకను చరిత్రతో మొదలయిన నల్లజాతివారి కథ తెలుగు పాఠకునికి బానిస వైపునుండి వినబడడానికి దాదాపు ముప్పాతిక శతాబ్దం పట్టింది. ఆ రెండు పుస్తకాలూ లాభంకోసం వేసినవి కావు.

ఇంత చరిత్ర చెప్పినది ఒక్క మాటకోసం. పోషకుడు, స్వంత జేబు, రాజ్యం, ట్రస్టు అని నాలుగు దారులు చూచాము. పోషకుడు దయగలవాడే కావచ్చు, కానీ ఒక హద్దు గీచి ఉంచుతాడు. స్వంత జేబు తొందరగా ఖాళీ అవుతుంది. రాజ్యం ధారాళంగా ఇచ్చి నోరు కట్టేస్తుంది. ట్రస్టు నిలబడాలన్నా దాని వెనుక ఏటేటా డబ్బు కట్టే పాఠకులు ఉండాలి. స్వతంత్ర విశ్లేషణకు మూలధనం చందాదారుడే అని నా నిశ్చయం.

మనవంటివారం అచ్చుకూలి లేకుండా వ్రాసుకుంటున్నాము కదా, ఇంకా చందా ఎందుకని మీరనవచ్చు. కాగితం ఖర్చు తప్పినమాట నిజమే. కానీ పశ్చిమాసియామీదనో, చీనామీదనో పదేళ్ళపాటు పట్టువిడవక చదివి, ఆ భాషలు తెలిసినవారితో సరిచూచుకొని వ్రాయడం ఉద్యోగం ముగించుకుని వచ్చిన రాత్రివేళ తీరికలో అయ్యేపని కాదు. దానికొక మనిషి పూర్తికాలం కూర్చోవాలి. అతని ఇంట పొయ్యి వెలగాలి. ఐదువందల మంది ఏడాదికి వెయ్యేసి రూపాయలు ఇస్తే ఐదు లక్షలవుతాయి. ఒక సంపాదకుని సాదాసీదా జీతానికీ, కొందరు అనువాదకుల పారితోషికానికీ అది సరిపోవచ్చు. ఏ ఒక్కరి వెయ్యి పోయినా పత్రిక ఆగదు, కనుక ఏ ఒక్కరికీ జంకవలసిన పని ఉండదు.

కువైటులో ఉన్న మా జిల్లావారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. ఆ తీరాన మళ్ళీ ఉద్రిక్తత వచ్చినప్పుడల్లా ఇక్కడి ఇండ్లలో పొద్దున లేస్తూనే వార్త చూస్తారు. స్వామి చెప్పినది వారికి ఎలాగూ తెలుసు. స్వామి చెప్పకుండా వదిలినది, అంటే కారణం, తెలియజెప్పవలసిన బాకీ చదువుకున్న మనది.

మీ ఊరి గ్రంథాలయపు పాత బీరువాలో విజ్ఞాన చంద్రిక గానీ, నవ్యసాహిత్యమాల గానీ పుస్తకమేదైనా మిగిలి ఉంటే దయచేసి తెలుపండి.