గమ్మునుండు

కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఇళ్లల్లో, అంగళ్లల్లో ‘మౌనంగా ఉండు’ అనే మాట వినబడదు. ‘గమ్మునుండు నా’, ‘రోంతసేపు గమ్మునుండ్రా’, ‘నువ్వు గమ్మునుండు మే’ అంటారు. ఉత్తరాంధ్రలో ‘గమ్మున రా’ అంటే త్వరగా రమ్మని. కడప చెవికి అదే మాట చప్పుడు చేయకుండా రమ్మన్నట్టు వినబడుతుంది. పొరుగున తమిళంలోనూ ‘గమ్మును ఇరు’ ఉంది.

అయితే ఈ గమ్మున అంటే నోరు మూసుకోవడం ఒక్కటే కాదు. పంచాయితీలో గొడవ చెప్పుకునే మనిషి ‘నేను గమ్మున పోతాంటే వాడే వచ్చి తగులుకున్యాడు’ అంటాడు. ఎవరి జోలికీ పోకుండా నా దారిన నేను పోతుంటే అని దానర్థం. ఆ పోయేటప్పుడు పక్కవాడితో మాట్లాడుతూ ఉన్నా సరే, సెల్‌ఫోన్లో పాట పెట్టుకున్నా సరే, గమ్మున పోయినట్టే లెక్క. ఇక్కడ చప్పుడుతో పని లేదు, జోలితోనే పని.

ఎర్రగుంట్ల దగ్గర కలమల్లలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం ఉంది. సుమారు క్రీ.శ. 575 నాటిది, ఇప్పటివరకు దొరికిన పూర్తి తెలుగు శాసనాల్లో అదే తొలిదని చరిత్రకారుల మాట. తెలుగు రాతికెక్కిన ఆ నేల మీదే, మాట్లాడకుండా ఉండటానికి ఎన్ని మాటలు పుట్టాయో చూస్తే నాకు ముచ్చటేస్తుంది. గమ్మునుండు, ఊరకుండు, మిన్నకుండు, పలకకుండు. అన్నిటి చివరా ‘ఉండు’ ఉంది. ఇంగ్లీషు సైలెన్స్ ఒక వస్తువులా నిలబడుతుంది; దాన్ని పాటించవచ్చు, భంగపరచవచ్చు, ఛేదించవచ్చు. ఈ తెలుగు మాటల్లో అది మనిషి ఉండే తీరు. ఎవరు ఉన్నారు, ఎలా ఉన్నారు అనేది చెప్పకుండా వాక్యం పూర్తి కాదు.

వీటిలో ఊరక చాలా లోతైన మాట. ఊరకే వచ్చానంటే పనేమీ లేకుండా అని. ఊరకే ఇచ్చాడంటే డబ్బు తీసుకోకుండా అని. ఊరకే తిట్టాడంటే కారణం లేకుండా అని. ఊరకున్నాడంటే మాట్లాడలేదని, ఏమీ చేయలేదని కూడా. తమిళంలో ‘సుమ్మా’, కన్నడంలో ‘సుమ్మనె’ కూడా ఇంచుమించు ఈ అర్థాలన్నీ మోస్తాయి. అరుణాచలంలో రమణ మహర్షి ‘సుమ్మా ఇరు’ అన్నది ఈ ఇంటిమాటతోనే. పనీ, ప్రతిఫలమూ, కారణమూ మూడూ పక్కకు పెట్టాక మిగిలే స్థితికి మన భాషలు వాడుకలోనే పేరు పెట్టుకున్నాయి.

అదే ఊరక కొంచెం మారి ‘ఊరుకో’ అయ్యేసరికి ఇంకో బలం వస్తుంది. ఏడ్చే బిడ్డను భుజాన వేసుకొని తల్లి అనేది ‘ఊరుకో, ఊరుకో’. అప్పుడది లాలన. ‘ఇంతదూరం వచ్చినాక ఊరుకుంటానా?’ అని మీసం మీద చెయ్యి వేసినవాడి నోట అదే క్రియ బెదిరింపు. పెద్దలు ‘ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు’ అని సామెత కట్టారు గానీ, పంట నీళ్ల కోసం, పొలం గట్టు కోసం తలకాయలు పగిలిన ఊళ్లలో ఊరుకోవడం ఎంత కష్టమో ఆ సామెత చెప్పినవాళ్లకూ తెలిసే ఉంటుంది.

చప్పుడు సంగతికి వస్తే సంస్కృతపు శబ్దం ప్రాకృతంలో సద్దమై, మన దగ్గర సద్దు అయింది. సద్దు చేయొద్దంటాం, సద్దు మణిగిందంటాం. మణగడమంటే అణగడం. రేగిన దుమ్ములా చప్పుడు పైకి లేచి, మెల్లగా కిందికి దిగుతుందన్నమాట. చీమ చిటుక్కుమన్నా వినబడేంత అనడంలోనూ చప్పుడును వెతికే చెవే ఉంది. ఇక నిశ్శబ్దం అదే శబ్దానికి ‘లేదు’ తగిలించి చేసిన పుస్తకాల మాట. దానికి మనిషి అక్కర్లేదు. 2020లో గండికోట జలాశయం నీళ్లు తాళ్లప్రొద్దుటూరు ఇళ్లల్లోకి వచ్చాయి. జనం ధర్నాలు చేశారు, అరిచారు, పరిహారం అడిగారు, చివరికి సామాన్లు ఎత్తుకొని పోయారు. ఆ తర్వాత అక్కడ మిగిలిన దానికి నిశ్శబ్దం సరిగ్గా సరిపోతుంది. మౌనం సరిపోదు. మౌనమంటే అక్కడ ఎవరో ఉండి, మాట్లాడకూడదని అనుకోవాలి.

ఎందుకంటే మౌనం ముని నుంచి వచ్చింది. మునిగా ఉండటమే మౌనం. మాట్లాడే శక్తి ఉండి, దాన్ని తన ఇష్టంతో ఆపినవాడిది. దీనికి మా వైపు చక్కని ఉదాహరణ వేంపల్లె దగ్గరి గండి. గండి అంటే తెగిన చోటు. చెరువుకట్టకు పడినా, కొండకు పడినా గండే. నంది కొండల్లో పుట్టిన పాపాగ్ని ఇక్కడ కొండను చీల్చుకొని వస్తుంది. ఆ సందులో వాయుదేవుడు తపస్సు చేసుకుంటూ ఉండేవాడని, రాముడికి స్వాగతంగా రెండు కొండలకూ బంగారు తోరణం కట్టాడని, రాముడు బాణపు మొనతో బండ మీద ఆంజనేయుణ్ణి గీశాడని స్థలపురాణం. గాలి తపస్సు చేయడమన్నది ఎంత సాహసమైన ఊహ! కదలడం, హోరెత్తడమే బతుకైనవాడు కూర్చున్నాడు. మౌనం విలువ అక్కడుంది. మాట రానివాడు మాట్లాడకపోవడం మౌనం కాదు.

మద్రాసు గవర్నరు థామస్ మన్రోకు ఆ తోరణం కనబడిందని, వెంట ఉన్నవాళ్లకు ఏమీ కనబడలేదని కథ. అది కనబడితే చావు దగ్గరపడినట్టేనట. మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. తోరణం సంగతి ఎలా ఉన్నా, ఆ మాట విన్న పరివారం పడిన అవస్థకు ఏ పదం వాడాలో నాకు తెలుసు. వాళ్లు మౌనం వహించలేదు. వాళ్లకు నోట మాట రాలేదు.

ఈ తేడా పట్టించుకోవాలని నాకు గట్టిగా ఉంది. ఇంగ్లీషులో సైలెన్స్ క్రియగా కూడా పనిచేస్తుంది. ఒక మనిషిని ‘సైలెన్స్’ చేశారనవచ్చు. ఆ వాక్యంలో నోరూ కనబడదు, చెయ్యీ కనబడదు. తెలుగు ఆ సౌకర్యం ఇవ్వదు. నోరు మూయించారు, నోరు నొక్కారు, గొంతు నొక్కారు అనాల్సిందే. ఎవరి నోరు, ఎవరి చెయ్యి అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ముఠాకక్షలు చూసిన ఈ తాలూకాల్లో చంపింది ఎవరో ఊరంతటికీ తెలిసి, కోర్టులో ఎవరూ తెలియదన్నప్పుడు, ‘సాక్షులు మౌనం వహించారు’ అని రాస్తే మునికివ్వాల్సిన మర్యాదను భయానికి ఇచ్చినట్టవుతుంది. ఊళ్లో జనం అలా అనరు. ‘గమ్మునుండమన్యారు, గమ్మునున్యారు’ అంటారు. చెప్పినవాడూ ఉన్నాడు, విన్నవాడూ ఉన్నాడు. మౌనం అర్ధాంగీకారం అన్న నానుడిని కూడా ఈ జాగ్రత్తతోనే వాడాలి. భయపడినవాడు సగం కూడా ఒప్పుకొని ఉండడు.

మాట్లాడకపోవడంలో ఇంకో రకం ఉంది. ‘వాళ్లకూ మాకూ మాటల్లేవు.’ ఇది ఒక పూటది కాదు. తాతలనాటి తగాదా మనవళ్ల దాకా వస్తుంది. బావి దగ్గర ఎదురైనా తల తిప్పుకుంటారు, పెండ్లి పత్రిక ఇచ్చుకోరు. కానీ చావింటికి పోవచ్చు. దానికి పలకరించను పోవడం అని పేరు. వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుంటారు. ఆడవాళ్లు లోపలికి పోయి ఏడ్చే మనిషి చెయ్యి పట్టుకుంటారు. చావింట్లో పోయొస్తామని చెప్పకూడదు గనక లేచి వెళ్లేటప్పుడూ మాట ఉండదు. రెండు కుటుంబాల మధ్య ఒక్క మాటా నడవలేదు. అయినా మర్నాడు ఊళ్లో చెప్పుకునేది ‘వాళ్లు కూడా వచ్చి పలకరిచ్చిపోయినారంట’ అనే. ఆ తర్వాత మాటలు కలిసినాయా లేదా అన్నది వేరే సంగతి.