ఒకే కుప్పలో తాత, మనవళ్లు, సవతి కొడుకు



బళ్లో తమిళం చదువుకున్న మనకు అకనానూఱు తెలుసు. యవనుల ఓడలు బంగారంతో వచ్చి మిరియాలతో పోయాయని అందులో ఉంది. బంగారమే కాదు, వెండీ వచ్చింది. ఉడుమలైపేట దగ్గర బూదినత్తంలోనూ, నల్గొండ జిల్లా అక్కెనపల్లిలోనూ వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. వాటి పేరు దెనారియస్. ఒక్కోటి 4 గ్రాములకు కాస్త తక్కువ. మన దేశంలో ఎక్కువగా దొరికేవి రెండు రకాలు.

మొదటిది అగస్టస్ చక్రవర్తిది. ఒకవైపు ఆయన తల. రెండోవైపు గైయస్, లూసియస్ అనే ఇద్దరు యువకులు. ఆయన కూతురి కొడుకులు. క్రీ.పూ. 17లో వాళ్లను దత్తత తీసుకున్నాడు. వాళ్ల మధ్య డాళ్లు, ఈటెలు. పైన ఒక గరిటె, ఒక వంకీ కర్ర. గరిటె పూజలో ధార పోయడానికి, కర్ర శకునాలు చూసే పూజారికి గుర్తు. యుద్ధానికైనా పూజకైనా రేపటి వారసులు వీళ్లేనని చదువు రానివాడికి కూడా చెప్పే బొమ్మ అది.

కానీ లూసియస్ క్రీ.శ. 2లో, గైయస్ క్రీ.శ. 4లో చనిపోయారు. చివరికి అధికారం అగస్టస్ భార్య లివియాకు మొదటి పెళ్లిలో పుట్టిన టైబీరియస్‌కు దక్కింది.

రెండో రకం ఈ టైబీరియస్‌ది. వెనకవైపు ఒక స్త్రీ రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చుని ఉంటుంది. శాంతి దేవత అని కొందరు, తల్లి లివియాయే అని కొందరు అంటారు.

మన వ్యాపారులకు ఆ ఇంటి గొడవ ఎందుకు? వాళ్లు చూసింది వెండిని. అక్కెనపల్లి నాణేల్లో చాలావాటికి చక్రవర్తి తల మీదే ఉలి గాటు ఉంది. లోపల కూడా వెండేనా అని పరీక్షించారని ఒక అభిప్రాయం. బొమ్మలు వేరైనా దెనారియస్‌ల బరువు ఒకటే ఉందని సింహళ రాజు మెచ్చుకున్నాడని ప్లినీ రాశాడు. క్రీ.శ. 64లో నీరో బరువూ, వెండి పాలూ తగ్గించాడు. ఇక్కడ దొరికేవి ఎక్కువగా అంతకు ముందువే.

బూదినత్తంలో వారసులు కావలసిన పిల్లల నాణేలూ, వారసుడైనవాడి నాణేలూ కలిసే దొరికాయి. అలా కలిసి ఉన్నందువల్లే ఏ కాలంలో దాచారో లెక్క కట్టగలుగుతున్నారు. విడదీసి అమ్మితే ఆ లెక్క పోతుంది, కరిగిస్తే బొమ్మా పోతుంది.

అందుకే మన వాళ్లకు ఒక మాట. పునాది తవ్వేటప్పుడో, బావి తవ్వేటప్పుడో ఇలాంటివి కనిపిస్తే కంసాలి దగ్గరికి పోవద్దు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. రెండు వేల ఏళ్లు భూమి కాపాడింది, మనం ఒక్క పూటలో పోగొట్టకూడదు.