నైట్రోజన్ ఎవరు పోస్తారు?

చనిపోయినవాళ్ళని గడ్డకట్టించి దాచిపెట్టే క్రయోనిక్స్ గురించి కొత్తగా విన్నవాళ్ళ మొదటి ప్రశ్న, "మళ్ళీ బతుకుతారా?" రెండోది, "మధ్యలో కరెంటు పోతే?" రెండోదానికి నవ్వొస్తుంది గానీ, ఈ ప్రయత్నాల చరిత్ర చదివాక నాకు అదే అసలు ప్రశ్న అనిపించింది.

నిజానికి కరెంటుతో పెద్దగా పనిలేదు. పెద్ద థర్మాస్ ఫ్లాస్కులాంటి స్టీలు పీపాలో, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో శరీరాన్ని ముంచి ఉంచుతారు. నైట్రోజన్ కొద్దికొద్దిగా ఆవిరైపోతూ ఉంటుంది. ఎవరో ఒకరు మళ్ళీ పోస్తూ ఉండాలి.

1964లో రాబర్ట్ ఎట్టింగర్ అనే ఫిజిక్స్ మేష్టారి పుస్తకం అమెరికాలో పెద్ద ఎత్తున అచ్చయింది. ఇవాళ్టి వైద్యానికి చావు అనిపించేది రేపటి వైద్యానికి జబ్బే కావచ్చు, అందాకా దాచుకుందాం, అన్నది ఆయన వాదన. మృతసంజీవని విద్య రేపెప్పుడో దొరుకుతుంది, కచుణ్ణి అందాకా పాడవకుండా చూడండి అన్నట్టు.

ఆ మాట నమ్మినవాళ్ళలో జేమ్స్ బెడ్‌ఫోర్డ్ ఒకడు. సైకాలజీ ప్రొఫెసర్, 73 ఏళ్ళు, కాన్సర్. 1967 జనవరి 12న చనిపోయాడు. టీవీలు రిపేరు చేసుకునే రాబర్ట్ నెల్సన్ ఆధ్వర్యంలో ఆయన్ని గడ్డకట్టించారు. పరిశోధన కోసం వీలునామాలో డబ్బు రాసిపెట్టాడు గానీ, మిగతా బంధువులు అడ్డం తిరగడంతో భార్యా కొడుకూ అంతకన్నా ఎక్కువే కోర్టుల్లో ఖర్చుపెట్టారు. ఆ తర్వాత ఆయన ప్రయాణం అద్దె ఇళ్ళు మారే సంసారంలా సాగింది: అరిజోనా, కాలిఫోర్నియా, ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీ, కొన్నేళ్ళపాటు సామాన్లు దాచుకునే గోడౌను. అక్కడ నైట్రోజన్ సంగతి చూసుకున్నది కొడుకే.

మిగతావాళ్ళకి అలాంటి కొడుకుల్లేరు. చాట్స్‌వర్త్ శ్మశానంలో నేలకింద గదిలో నెల్సన్ మరికొందరిని దాచాడు. మొదట్లో బంధువులు డబ్బు పంపారు, తర్వాత మానేశారు. పంపులు చెడిపోయాయి. చివరికి తొమ్మిది శరీరాలు కరిగి కుళ్ళిపోయాయి. అందులో పిల్లలు కూడా ఉన్నారు. నెల్సన్ ఆ సంగతి కుటుంబాలకి చెప్పకుండా దాచాడు. నన్నడిగితే, కరగడం కన్నా అది పెద్ద నేరం. 1981లో కోర్టు కూడా అతనికి వ్యతిరేకంగానే తీర్పిచ్చింది. 1973కి ముందు గడ్డకట్టించినవాళ్ళలో ఇప్పటికీ మిగిలింది బెడ్‌ఫోర్డ్ ఒక్కడే.

ఈ దెబ్బతో పద్ధతి మారింది. ఇప్పుడు ఆల్కార్‌లాంటి సంస్థలు మొత్తం డబ్బు ముందే కట్టించుకుంటాయి, ఎక్కువగా జీవితబీమా రూపంలో. దాన్ని ట్రస్టులో వేసి, వచ్చే ఆదాయంతో నైట్రోజన్ కొంటాయి.

మొదటి ప్రశ్నకి జవాబు చిన్నది. ఇంతవరకూ ఎవరూ లేవలేదు. ఐవీఎఫ్ కేంద్రాల్లో గడ్డకట్టించిన పిండాలు బిడ్డలవుతున్నాయి, నిజమే, కానీ అవి కొన్ని కణాల ముద్దలు. మెదడు సంగతి వేరు. నీళ్ళు మంచుగా మారితే ఆ పలుకులు కణాల్ని చీల్చేస్తాయి. ఇప్పుడు మంచు కట్టకుండా గాజులా బిగుసుకునే రసాయనాలు ఎక్కిస్తున్నారు. బెడ్‌ఫోర్డ్ నాటికి అవి లేవు. ఆయన లేచే అవకాశం అందరికన్నా తక్కువ.

1991లో పాత పీపా కోసి ఆయన్ని కొత్తదాంట్లోకి మార్చారు. మధ్యలో ఎప్పుడైనా కరిగాడా అని చూస్తే, ఒంటిమీద మంచుముక్కల అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి.