వెదురు ఆర్గను కథ

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతముల చర్చిలలో ఆదివారమునాడు మనకు సాధారణముగా వినిపించు వాద్యము హార్మోనియము. దానికి తాత వంటిది పైపు ఆర్గను. రెంటికిని ప్రాణము గాలియే. అయితే హార్మోనియములో గాలి తాకిడికి ఇత్తడి రేకులు కంపించును. ఆర్గనులోని ముఖ్యమైన గొట్టములలో, పిల్లనగ్రోవిలో వలెనే, లోపలి గాలియే కంపించును. గొట్టము పొడవు సగమైనచో స్వరము ఒక స్థాయి పైకి పోవును. ఈ వాద్యమునకు ఆద్యుడు క్రీ. పూ. 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో నుండిన క్టేసిబియస్ అను యంత్రజ్ఞుడు.

ఐరోపాలో ఈ గొట్టములను తగరము, సీసము కలిసిన లోహముతోను, కొయ్యతోను చేయుదురు. ఫిలిప్పైన్సులో మనీలా చెంతనున్న లాస్ పిన్యాస్‌లో మతగురువుగా నుండిన స్పెయిన్ దేశీయుడు డియేగో సేరా మాత్రము అందుబాటులోనున్న వెదురును ఎన్నుకొని, 1816లో పని ప్రారంభించెను. వెదురుకు తొలి శత్రువు పురుగు. దానిని ఆకర్షించునది వెదురులోని పిండిపదార్థము. మన పల్లెలలో కొట్టిన వెదురును చెరువులో నానవేయుట ఇందుకే. ఆ పిండి చాలవరకు నీటిలో పోవును. సేరా తన వెదురును సముద్రతీరపు ఇసుకలో పాతిపెట్టించెను. 1824 నాటికి వాద్యము పూర్తియయ్యెను. మొత్తము 1,031 గొట్టములు. అందు 902 వెదురువి, 129 లోహపువి.

తరువాత భూకంపములు, తుపానులు చర్చిని దెబ్బతీసెను. ఆర్గను పాడయ్యెను. 1973లో దానిని విప్పి, ఎక్కువ భాగమును జర్మనీలోని బాన్ నగరమున క్లైస్ కర్మాగారమునకు పంపిరి. అచ్చట ఒక చిక్కు ఎదురయ్యెను. వెదురు, కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బును; తేమను విడిచి కుదించుకొనును. శీతల దేశమున వెచ్చచేసిన గదుల పొడిగాలికి నూటయేబది ఏండ్ల వెదురు బీటలు వారవచ్చును. క్రొత్త గొట్టములు అమర్చుట సులభమే. కాని అప్పుడు మిగులునది సేరా ఆర్గను కాదు. అందుచే ఫిలిప్పైన్సులోని వేడిమిని, తేమను కల్పించిన గదిలో మరమ్మతు సాగించిరి. 1975లో స్వస్థలము చేరిన ఆ వాద్యము నేటికిని మ్రోగుచున్నది.

మన బొబ్బిలి వీణ పనసకొయ్యదే గదా! దానికిని ఈ ధర్మమే వర్తించును. వానకు తడిసిన వీణనైనను, హార్మోనియమునైనను ఆత్రపడి ఎండలో పెట్టరాదు. పైపొర ముందుగా ఆరి, లోపలి తేమ మిగిలి, కొయ్య చీలును. నీడలో, మెల్లగా ఆరనిచ్చి, పిదప తెలిసిన పనివానికి చూపవలెను. పాత వాద్యమును బ్రతికించుటలో మొదటి ఔషధము ఓర్పే.